దగ్గరున్నోళ్ళు పలకాల

మార్కాపురం పలక మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. పలక మీద ప్రమాణమేంది, తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది కదా అని మా వీధిలో కొందరు అంటారు. వాళ్ళ మాట పట్టించుకోవద్దు. గ్రహణం రోజు నేను తీసిన ఫోటోలో, పోయి ఆరేళ్ళయిన మా తాత కూడా వచ్చి పడినాడంటే నమ్మని మనుషులు వాళ్ళు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. నిజం ఎట్ల ఉంటదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రోజూ దానికి పౌడరు పూసేది నేనే.

పోయిన నెల శ్రీశైలం నుంచి వస్తా పెద్దదోర్నాలలో టీకి ఆగినాను. హోటల్ నిండా యాత్రికులు. కౌంటర్ దగ్గరాయన లోపలి నుంచి వచ్చిన పొట్లం చేతిలో పట్టుకుని, "శీనూ, రెండు దోసె పార్సెల్" అని కేకేసినాడు.

నా పేరు శీను కాదు. మా వంశంలోనే శీను లేడు. అయినా టీ గ్లాసు కింద పెట్టి, "ఆఁ, వస్తన్నా" అని లేచి పోయినాను. పొట్లం నా చేతిలో పెట్టినారు. వెనక నుంచి అసలు శీను వచ్చినాడు. నున్నగా గుండు గీయించుకుని చందనం పూసుకున్న పెద్దమనిషి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీ పేరు కూడా శీనేనా అన్నా?" అన్నాడు.

"కాదన్నా. దగ్గరున్నానని పలికినా," అన్నాను.

ఆయన పొట్లం తీసుకుని, నాకు రెండడుగులు దూరంగా జరిగి నడిచినాడు. నేను వచ్చి కూర్చుంటే టీ చల్లారిపోయి ఉంది. ఆమె గుర్తొచ్చింది.

ఆమె మా పక్కింటి అక్క. పేరు రాయను. రాస్తే ఆమె అలవాటు చేసిపోయిన పద్ధతి ప్రకారం ఎవరు దగ్గరుంటే వాళ్ళు పలుకుతారు. మీరు పలికినా పలుకుతారు.

ఆమెకూ మాకూ మధ్య ఒకటే గోడ. పగిలిన పలకల ముక్కలు పేర్చి కట్టిన గోడ, నా భుజం ఎత్తు. మా ఊళ్ళో కరువు నీళ్ళకే గాని రాయికి లేదు. అక్క పలకల ఫ్యాక్టరీ నుంచి పలకలూ చెక్క ఫ్రేములూ ఇంటికి తెప్పించుకుని, వాకిట్లో కూర్చుని బిగించి ఇచ్చేది. పెదాల మధ్య అయిదారు చిన్న మేకులు పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టేది. వింతేందంటే, నోట్లో మేకులున్నప్పుడే ఆమె మాట్లాడేది. మేకులు లేనప్పుడు నోరు మూసుకుని ఉండేది. అందుకని ఆమె మాటలన్నీ పళ్ళ సందుల్లోంచి పొట్టిపొట్టిగా వచ్చేవి. మోచేతుల దాకా పలకదుమ్ము. ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఆ చేతులు తోముకుని, తెల్ల జాకెట్టు వేసుకుంటే, ఎవరివో వేరేవాళ్ళ చేతులు అరువు తెచ్చుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

మా బావ, అంటే ఆమె భర్త, బోరు బండి మీద పని. గిద్దలూరు, కంభం, చంద్రశేఖరపురం, ఎక్కడ బావులెండితే అక్కడికి. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు. ఆ నాలుగు రోజులూ నిద్రపోయేవాడు.

ఇంట్లో నలుగురు పిల్లలు. రూతు, డేవిడ్ ఆమె కన్నవాళ్ళు. లక్ష్మి, శీను జిల్లా ఆఫీసువాళ్ళు పెంపకానికి అప్పజెప్పినవాళ్ళు. దత్తత కాదు. ఎవరూ లేకనో, ఉన్నవాళ్ళు చూసుకోలేకనో హోంలో ఉన్న పిల్లలను, మన ఇంట్లో మన పిల్లలతో పాటు పెంచమని కాగితం రాసి ఇస్తారు. ఏడాదికోసారి వచ్చి చూసి, బాగుంటే మళ్ళీ రాస్తారు. బాగా లేకపోతే తీసుకుపోతారు. లక్ష్మికీ రూతుకూ ఒకటే వయసు, ఒకటే క్లాసు. శీనుకు డేవిడ్ కన్నా ఏడాది తక్కువ.

"వీళ్ళలో నీ పిల్లలెవరక్కా?" అని మొదట్లో నేనూ అడిగినాను. గోడ మీద మోచేతులు ఆనించుకుని అడిగేవాళ్ళు అప్పట్లో చాలామంది ఉండేవాళ్ళు.

"అన్నం వేళకు రా తమ్ముడా, కంచాలు చూసి చెప్తా," అనింది మేకుల మధ్య నుంచి.

పోయినాను. నాలుగు కంచాలు. ఒకదానికి సొట్ట ఉంది. పట్టుకున్నాననుకుని, "ఈ సొట్టది ఎవరిది?" అన్నాను.

"ఆలస్యంగా వచ్చినోళ్ళది."

ఆ పూట ఆలస్యంగా వచ్చినవాణ్ణి నేను. సొట్ట కంచంలో నాకే పెట్టింది.

చర్చి దగ్గర ఒకామె ఒకసారి నా ముందే అడిగింది. "సొంత బిడ్డల నోటిది తీసి బయటోళ్ళకు పంచుతున్నావు, వాళ్ళకు తగ్గదా వదినా?"

"పంచితే తగ్గేది కోడిగుడ్డొకటే వదినా. అట్టులో ఎర్రగడ్డలు ఎక్కువ తరిగేస్తా," అనింది అక్క.

ఇంక ఆ ఇంటి పద్ధతి సంగతి. ఆ ఇంట్లో ఎవరి పేరు పిలిచినా, ఎవరు దగ్గరుంటే వాళ్ళు పలకాల. అక్క "డేవిడ్" అంటే లక్ష్మి "ఆఁ, వస్తన్నా" అని వచ్చేది. "రూతూ" అంటే శీను వచ్చేవాడు. ఏ పని చెప్తే ఆ పని వచ్చినోళ్ళు చేసిపోవడమే. మొదట నేను అది ఆమె బద్ధకమనుకున్నాను. నాలుగు పేర్లలో ఏది నోటికొస్తే అది అంటుందిలే అని.

ఆ కేక మామూలు కేక కాదు. మేకులు నోట్లో ఉండగా ముక్కులో నుంచి తీసే కేక. ఒకసారి మా బర్రె నెమరు ఆపి, తాడు తెంపుకుని, గోడ వారగా పోయి వాళ్ళ గేటు ముందు నిలబడింది. ఇంకోసారి ఆమె "డేవిడ్" అంటే, మా వీధి చివర రోడ్డు మీద పోయే గిద్దలూరు బస్సు ఆపించుకుని ఒకాయన సంచితో సహా దిగినాడు. "ఎవరో పిలిచినారు," అన్నాడు. ఆయన పేరు వెంకటరెడ్డి. అక్క ఆయనకు మంచినీళ్ళిచ్చి, వచ్చినాడు కాబట్టి పలకల కట్టొకటి ఎత్తించి పంపించింది. చెప్పినా కదా, ప్రమాణం చేసినాను.

ఆ పద్ధతి ఎందుకు పెట్టిందో నాకు మూడేళ్ళకు గాని తెలియలేదు. శీను వచ్చిన కొత్తలో వాడు మంచం కింద నుంచి బయటికి వచ్చేవాడు కాదంట. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదంట. పలకనందుకు తక్కిన పిల్లలు మంచం కిందికి వంగి, "నిన్నే, పలకవేందిరా" అంటే ఇంకా గోడకు కరుచుకుపోయేవాడంట. అప్పుడు అక్క ముగ్గుర్నీ పిలిచి చెప్పింది. "ఇయ్యాల్టి నుంచి నేను ఎవరి పేరు పిలిచినా దగ్గరున్నోళ్ళు పలకండి. ఎవరు పలకలేదో ఎవరూ చూడొద్దు." ఇరవై రోజులు శీను పేరుకు ముగ్గురూ వంతులేసుకుని పలికినారు. ఇరవై ఒకటో రోజు ఆమె "రూతూ" అని పిలిస్తే మంచం కింద నుంచి "ఆఁ" అని వినబడింది. వాడు ఆ ఇంట్లో మొదట పలికిన పేరు అదే. తర్వాత ఆ పద్ధతి తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆమె చేసే పనుల్లో నేను గోడ మీద నుంచి రోజూ చూసింది ఇంకొకటుంది. పొద్దున ఏడింటికి వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఆడపిల్లలిద్దరికీ తల దువ్వేది. ముందు లక్ష్మికి. లక్ష్మి వచ్చినప్పుడు దాని తల మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి ఇంట్లోకి పరిగెత్తేది. ఎన్నో నెలలకు ఒకరోజు తనంతట తానే వచ్చి మెట్టు కింద కూర్చుని తల వంచింది. ఆ రోజు నుంచి ముందు వంతు దానిది. చిక్కులు తీసి, నూనె పెట్టి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు మడిచి కట్టేది. ఆ తర్వాత రూతు. రూతుకు ఒక జడ అయ్యి రెండోదానికి పాయలు తీసే వేళకు సరిగ్గా పలకల ఆటో వచ్చి హారన్ కొట్టేది. పలకలు దించుకోకపోతే ఆటో ఆగదు. అక్క లేచిపోయేది. రూతు ఆ రెండో పక్క జుట్టును రబ్బరు బ్యాండులో దూర్చుకుని బడికి పోయేది. వారంలో నాలుగు రోజులు ఇదే. మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు అది కొత్త ఫ్యాషననుకుని వాళ్ళూ ఒక పక్కే జడేసుకుని బడికి పోయి టీచరు చేత తిట్లు తిన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పన్నెండేళ్ళయింది. ఏడాది తనిఖీకి ఆఫీసు నుంచి కొత్త మేడం వచ్చింది. కళ్ళద్దాలు, చేతిసంచి, ఎర్ర నాడా కట్టిన ఫైలు. మంచి మనిషి. ఇల్లంతా చూసింది, బియ్యం డబ్బా మూత తీసి చూసింది, పిల్లలు పడుకునే చాపలు చూసింది. తర్వాత లోపలి గదిలో కుర్చీ వేయించుకుని, "అమ్మా, మీరు బయటే ఉండండి. లక్ష్మితో నేను ఒంటరిగా మాట్లాడాల. పంపించండి," అనింది.

అక్క వాకిట్లో మేకుల మధ్య నుంచి "లక్ష్మీ" అని పిలిచింది.

లక్ష్మి వీధి చివర ట్యాంకర్ దగ్గర బిందె పెట్టుకుని వరసలో ఉంది. గడప దగ్గర రూతు ఉంది, ఒక జడతో. "ఆఁ, వస్తన్నా" అని లోపలికి పోయింది.

అక్క సుత్తి ఎత్తి ఇంకో మేకు కొట్టింది. నేను గోడ మీద నుంచి చూస్తానే ఉన్నా. నాకూ తప్పనిపించలేదు. ఆ ఇంట్లో అది తప్పు కాదు మరి.

పావుగంట తర్వాత మేడం బయటికి వచ్చింది. అక్క తెప్పించిన సోడా ముట్టుకోలేదు. "కబురు పంపిస్తాం," అని జీపెక్కింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. అక్కకు చదవడం రాదు, నా దగ్గరికి తెచ్చింది. నేను చదివినాను. పెంపకంలో ఉన్న బాలిక లక్ష్మి పట్ల ఇంట్లో తేడా చూపిస్తున్నట్టు, సరిగా చూసుకోవడం లేనట్టు తనిఖీలో తెలిసింది కాబట్టి, బాలికను తిరిగి హోంకు పంపించే విషయంలో ఫలానా రోజు బాలికతో సహా ఆఫీసుకు హాజరు కావాల.

నేను అబద్ధాలు చెప్పేవాణ్ణే గాని, చదివేటప్పుడు ఒక్క మాట కూడా మార్చలేకపోయినాను. అక్క ఉత్తరం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ పెట్టింది.

"లక్ష్మీ," అని పిలిచింది. ఆ ఒక్కసారి ముగ్గురు పలికితే వెనక్కి పంపించి లక్ష్మినే రమ్మనింది. "మేడంతో ఏం చెప్పినావు తల్లీ? కోప్పడను."

"నన్నెవరూ అడగలే అమ్మా," అనింది లక్ష్మి.

అందరం ఆ పిల్ల భయపడి దాస్తుందనుకున్నాం. అడగడం మానేసినాం. ఆ వారమంతా గోడ అవతల సుత్తి చప్పుడు వినబడలేదు. లక్ష్మి తన బట్టలు తనే మడిచి సంచిలో పెట్టుకుని, ఆ సంచి తలుపు పక్కన పెట్టింది. అక్క దాన్ని తీసి అటక మీద వేసింది. మర్నాడు మళ్ళీ తలుపు పక్కన ఉంది.  సంచి అట్ల రోజూ ఎక్కుతా దిగుతా ఉండేది.

హాజరు కావాల్సిన రోజు పొద్దున్నే బస్సుకు బయలుదేరినాం. అక్క, లక్ష్మి, పక్కింటి సాక్షిగా నేను. మా బావ మగపిల్లల దగ్గర ఉన్నాడు, ఆ రోజు మాత్రం నిద్రపోకుండా. రూతును ఇంట్లో ఉండమంటే లక్ష్మి చెయ్యి వదల్లేదు. వేళ్ళు విడదీయబోతే కరిచింది. సరే రానీ అనింది అక్క. బస్సు టైమైపోతుందని ఆ రోజు కూడా లక్ష్మికి రెండు జడలు, రూతుకు ఒకటి.

పొదిలిలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను టీ కోసం దిగితే రూతు నా చొక్కా పట్టుకుని వెంట దిగింది.

"మామా, మేడం పిలిచింది లక్ష్మినే. పోయింది నేను."

నాకు అర్థం కావడానికి ఒక గుక్క టీ పట్టింది. "నీ పేరు రూతని చెప్పలేదా?"

"ఆమె పేరు అడగలే. ఏ క్లాసనింది, అయిదనినా. అమ్మ నీకూ ఆమె సొంత పిల్లలకూ తేడా చూస్తదా అనింది. చూస్తదనినా."

వెనక్కి తిరిగితే అక్క నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. నోట్లో మేకులు లేవు కాబట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంగి, రూతు మొహానికి ఎదురుగా మొహం పెట్టి అడిగింది.

"నువ్వు చెప్పింది అబద్ధమైతే ఇప్పుడు చెప్పు. నిజమైతే ఊరుకో."

రూతు ఊరుకుంది.

డ్రైవరు హారన్ కొట్టినాడు. బస్సెక్కినాం.

ఆఫీసులో మేడం ఫైలు నాడా విప్పి, చదివి వినిపించింది. "పాప చెప్పింది ఇందులో ఉంది. 'ఇంట్లో కోడి కోసిన రోజు రెండు కాళ్ళూ మిగతా పిల్లలకు వేస్తది. నాకు మెడ వేస్తది.' ఆ కింద నేను చూసింది రాసినాను. దీనికి మీరేం చెప్తారు?"

"అది లక్ష్మి అనలేదు మేడం. మా రూతు అనింది. నేను కన్న పాప," అనింది అక్క.

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నేను పిలిచింది లక్ష్మిని. వచ్చింది లక్ష్మి. మీ పాప ఆ పేరుకు ఎందుకు వస్తుందమ్మా?"

"మా ఇంట్లో అంతే మేడం. ఎవరి పేరు పిలిచినా దగ్గరున్నోళ్ళు పలకాల."

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్లాంటివి చాలా విన్నాను. ఉత్తరం వచ్చినాక సొంత పాపకు నేర్పించి తీసుకొచ్చినారు. అంతేనా?"

అక్క సాక్షి కోసం నా వైపు తిరిగింది. ఇంక నేను లేవాల్సొచ్చింది. "మేడం, ప్రమాణం చేసి చెప్తున్నా. ఆమె పిలిస్తే పిల్లలే కాదు, ఒకసారి మా బర్రె తాడు తెంపుకుని..."

"మీరెవరు?"

"పక్కింటి సాక్షి మేడం."

"మీరు కూర్చోండి. బర్రె వస్తే దాన్ని అడుగుతాను."

కూర్చున్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. నా వల్ల పని ఇంకా చెడింది. మేడం పిల్లలిద్దర్నీ అటెండరుతో వరండాలోకి పంపించి, ఫైల్లో లక్ష్మి ఫోటో నా ముందుకు తోసింది.

"ఇది ఎవరు తీసినారు?"

"నేనే మేడం."

"ఈ ఇద్దరిలో ఈ పిల్ల ఎవరు?"

చూసినాను. ఉచితంగా తీసే ఫోటో అని ఆ రోజు కంప్యూటర్లో రంగు కాస్త ఎక్కువ తెల్లగా కొట్టినాను. పౌడరు డబ్బాకు రెండు కళ్ళు పెట్టినట్టుంది. జుట్టంతా తెల్లటి వెలుగులో కలిసిపోయింది. అది లక్ష్మి కావచ్చు, రూతు కావచ్చు, నేను కూడా కావచ్చు. ఫోటో మళ్ళీ ఆమె వైపు తోసినాను.

మేడం దాన్ని ఫైల్లో పెట్టేసింది. ఫైలు తిప్పుకుంటా కూర్చుంది. ఫ్యాను తిరుగుతా ఉంది. పక్క గదిలో ఎవరో టైపు కొడుతున్నారు. ఉన్నట్టుండి ఆమె తలెత్తకుండా, గట్టిగా, "డేవిడ్" అనింది.

డేవిడ్ మార్కాపురంలో వాళ్ళ నాయన దగ్గర ఉన్నాడు.

వరండాలో నుంచి "ఆఁ, వస్తన్నా" అని రెండు గొంతులు ఒక్కసారి వినబడినాయి. పిల్లలిద్దరూ ఒకరినొకరు తోసుకుంటా గుమ్మంలోకి వచ్చి నిలబడినారు. గదిలో నేను కూడా లేచి నిలబడి ఉన్నాను.

మేడం నన్ను చూసింది. లక్ష్మిని చూసింది, రెండు జడలు, రెండు రిబ్బన్లు. రూతును చూసింది. ఫైలు దగ్గరికి లాక్కుని, తను రాసుకున్న చివరి వాక్యం మీద వేలు పెట్టి చదువుకుంది. 'పాపకు తల సగమే దువ్వి ఉంది. ఒకవైపే జడ. శ్రద్ధ లేదు.'

"ఆ రోజు గదిలో నా దగ్గరికి వచ్చింది నువ్వేనా?" అని రూతును అడిగింది. రూతు తలూపింది.

అప్పుడు మేడం లక్ష్మిని లోపల కూర్చోబెట్టుకుని, ఈసారి ముందు పేరడిగి, మమ్మల్ని బయటికి పంపింది. మళ్ళీ పిలిచినప్పుడు ఆమె మొహంలో బిగువు పోయి ఉంది.

"ఈ పాప కూడా తేడా చూస్తారనే చెప్పిందమ్మా. కాకపోతే తనకే ఎక్కువంట. అంటే మీ మీద ఇంకో కంప్లయింట్. కన్నపాపను తక్కువ చూస్తున్నారని. కన్నపిల్లలకు మా దగ్గర ఫారం లేదు, ఏం చెయ్యమంటారు?"

సంతకం పెట్టింది. తిరుగు బస్సులో పొదిలి రాకముందే అక్క నోరు తెరుచుకుని నిద్రపోయింది. పగలు ఆమె నిద్రపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒక భుజం మీద లక్ష్మి, ఒక భుజం మీద రూతు. ఇంటికి పోయినాక లక్ష్మి తలుపు పక్కన సంచి తీసి, బట్టలు దులిపి దండెం మీద వేసింది. మర్నాడు పొద్దున గోడ అవతల సుత్తి చప్పుడు మొదలైంది. అది విని నా భార్య, "హమ్మయ్య, ఇంక నిద్రపట్టదు," అనింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఆదివారం కోడిని కోసినారు. రెండు కాళ్ళూ రూతు కంచంలో పడినాయి. ఒకటి తిని, రెండోది లక్ష్మి కంచంలోకి తోసింది. ఇదీ జరిగింది.

అక్క పోయిన ఏడాది పోయింది. పెద్దగా బాధపడకుండా, నాలుగు రోజుల జ్వరంతో. పిల్లలు నలుగురూ పక్కనే ఉన్నారు. ఆఖరి రోజు ఎవరి పేరో అనింది. ఎవరిదో సరిగా వినబడలేదు, నలుగురూ పలికినారు.

ఇప్పుడు పలక మీద నుంచి చెయ్యి తీస్తున్నాను. ఇందులో ఒక అబద్ధముంది.

బస్సు దిగిన వెంకటరెడ్డి కాదు, ఆయన నిజం. బర్రె కూడా నిజం, కావాలంటే దాని దూడ ఉంది. అబద్ధం కోడికాలు. ఆ ఇంట్లో కోడిని కోసేది క్రిస్మస్‌కు ఒకసారి, ఆ రోజు కాళ్ళు ఎవరికి పడినా ఎవరూ అడగరు. ఆదివారం కోడి కూడా నేను కోసిందే.

ఫైల్లో మేడం చదివిన మాట వేరు. 'అమ్మ ఇంకో పిల్లకు ముందు దువ్వుతది. నాకు ఒక్క జడే వేస్తది. రెండోది రేపు వేస్తా అంటది.' అంతే ఉంది.

దాన్ని కోడికాలు చేసింది నేనే. వచ్చిన మర్నాటి నుంచి బజారులో అట్లనే చెప్పినా. అక్క ఆ కోడికాలు కథ విని పక్కున నవ్వేది, మేకులు రాలిపోయేట్టు. అసలు మాట అక్క ముందు మళ్ళీ ఎవరూ అనాల్సిన పని లేకుండా పోయింది. నేను చెప్పిన అబద్ధాల్లో ఎవరికన్నా పనికొచ్చింది అదొకటి. మొన్న దోర్నాల సంగతి చెప్దామని రూతుకు ఫోన్ చేస్తే, నర్సింగ్ హాస్టల్లో ఉంది, అంతా విని నవ్వి, "అమ్మ లేదు కదా మామా, ఇప్పుడు ఉన్నదున్నట్టు రాయి," అనింది.

ఉన్నదిది. డేవిడ్ అని పిలవడం, రెండు గొంతులు పలకడం, లక్ష్మిని లోపల అడగడం, అన్నీ అయిపోయి మేడం సంతకం పెట్టబోతుంటే, అక్క "ఒక్క నిమిషం మేడం" అనింది. ఆ గదిలోనే గోడ వారన నేల మీద కూర్చుని, రూతును మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, రెండో పక్క జుట్టు విప్పింది. దువ్వెన లేదు. వేళ్ళతోనే చిక్కులు తీసి మూడు పాయలు చేసింది. తొందరేమీ పడలేదు. బయట ఎవరో మేడం కోసం వచ్చి నిలబడితే మేడం చేత్తో ఆగమనింది. జడ చివరికొచ్చేసరికి పాత రబ్బరు బ్యాండు తెగిపోయింది. మేడం బల్ల మీదున్న ఫైలు ఎర్ర నాడా లాగి, కుర్చీలో నుంచి వంగి అక్క చేతికిచ్చింది. నాడా లాగిన ఊపుకు అట్ట తెరుచుకుని ఆ కాగితాలన్నీ ఫ్యాను గాలికి లేచినాయి.

నా సంచిలో కెమెరా ఉంది, తియ్యలేదు. రెండు చేతులూ ఆ కాగితాల మీద పెట్టి నిలబడినాను, ముడి పడేదాకా.